మూడుకొమ్ముల ఒకటో నంబరు

బుధవారం మధ్యాహ్నం కమల అరల్లో ఉన్న బొమ్మలను లెక్కపెట్టింది. యాభై తొమ్మిది వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టింది. యాభై తొమ్మిదే. మూడోసారి ఒక్కో బొమ్మనూ ఎత్తి, వెనక కుడికాలి అడుగున చెక్కిన నంబరు చూసుకుంటూ వచ్చింది. రెండు నుంచి అరవై దాకా ఉన్నాయి. ఒకటి లేదు.

చేతిలో ఉన్నదాన్ని అరలో పెట్టి వెనక్కి తిరిగింది. రెండు బల్లల దగ్గర ఎనిమిది మంది ఆడవాళ్ళు కూర్చుని దిమ్మలకు రంగు వేస్తున్నారు. ఎవరూ తలెత్తలేదు. రోజూ ఆమె అరల దగ్గర నిలబడితే ఎవరో ఒకరు ఏదో ఒకటి అడిగేవారు. ఇవాళ అడగలేదు. ఆ సంగతి కమల గుర్తుపెట్టుకుంది.

పాడేరు దాటాక చింతపల్లి దారిలో రెండో మలుపు దగ్గర ఉంది ఆ రేకుల షెడ్డు. అంతకుముందు అందులో మిరియాలు, పసుపు నిల్వ చేసేవారు. వాన పట్టిన రోజుల్లో గోడల్లోంచి ఇప్పటికీ పసుపు వాసన వస్తుంది. విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీ డైనోసార్ల నమూనాలు అచ్చుపోస్తుంది. అచ్చులోంచి వచ్చిన బూడిదరంగు బొమ్మలను ఇక్కడికి పంపుతుంది. సబ్బునీళ్ళతో కడగడం, పూత వేయడం, పొలుసులకు రంగు అద్దడం, కళ్ళు దిద్దడం, దిమ్మకు అతికించి పెట్టెలో సర్దడం, అన్నీ ఈ షెడ్డులోనే.

ఇప్పుడు చేస్తున్నది మూడు కొమ్ముల డైనోసార్. ముక్కు మీద ఒక కొమ్ము, కళ్ళ మీద రెండు, మెడ వెనక చేటలాంటి ఎముక. అసలు జంతువులో ముప్పై ఐదో వంతు. జానెడు మీద నాలుగు వేళ్ళు పొడవు. కంపెనీ మేనేజరు శ్రీకాంత్ దాని పేరు ట్రైసెరాటాప్స్ అని చెప్పాడు. ఆడవాళ్ళు ఒకటి రెండు రోజులు ఆ పేరు పలికి చూసి, మూడుకొమ్ములు అని పిలవడం మొదలుపెట్టారు.

ఇది పిల్లలు ఆడుకునేది కాదు. గాజు బీరువాల్లో పెట్టుకునేవాళ్ళు కొంటారు. అరవై మాత్రమే చేస్తారు. తర్వాత అచ్చు పగలగొడతారు. ఒక్కోదానికీ నంబరు, నంబరుకు తగ్గ ధ్రువపత్రం. చెన్నైలో ఒకాయన ఒకటో నంబరు తనకే కావాలని నాలుగు నెలల ముందే చెప్పిపెట్టుకున్నాడు.

"అరవై నంబర్లూ శనివారం పొద్దున వ్యాను ఎక్కాలి మేడమ్," అన్నాడు శ్రీకాంత్ సోమవారం ఫోనులో. "అవి సరిగ్గా అందితే ఒంటికొమ్ము నమూనా నాలుగు వందల బొమ్మల పని మీకే. ఒకటో నంబరు జాగ్రత్త. అది లేకపోతే మిగతా యాభై తొమ్మిదీ ఉన్నా లేనట్టే. మళ్ళీ ఏజెన్సీకి సరుకు పంపమని నేను మా వాళ్ళని అడగలేను."

ఆ నాలుగు వందలు రాకపోతే షెడ్డు మూతపడుతుంది. కమల విజయనగరంలో చేస్తున్న ఉద్యోగం మానేసి వచ్చి, తన పేరు మీద తీసుకున్న షెడ్డు అది. ఇంతవరకూ ఇక్కడ తాళంచెవుల గొలుసులకూ, అయస్కాంతం బిళ్ళలకూ రంగులు వేశారు. మొదటి నుంచి చివరి దాకా ఇక్కడే తయారైన సరుకు ఈ అరవయ్యే.

ఒకటో నంబరు సోమవారం పొద్దున పూర్తయింది. అందరికంటే పెద్దది సోములమ్మ, కొమ్ములకు రంగు ఆమె వేస్తుంది. కంపెనీ పంపిన కాగితంలో కొమ్ము కొస తెల్లగా ఉంది. సోములమ్మ ఒప్పుకోలేదు. గేదె కొమ్ము మొదట్లో దుమ్ముగా ఉంటుందని, కొస నల్లగా అరిగి మెరుస్తుందని చెప్పి అలాగే వేసింది. శ్రీకాంత్ ఫోటో చూసి, అలాగే కానీయండి అన్నాడు. కళ్ళు దిద్దింది భానుశ్రీ. తన ఫోనులో దానికి ఫోటో కూడా తీసుకుంది.

సోమవారం ఇంకేం జరిగింది? కమల గుర్తుచేసుకుంది. వాన. గుమ్మంలో నిలబడి శ్రీకాంత్‌తో మాట్లాడింది. మధ్యలో సోములమ్మ ఎదురుగా వచ్చి నిలబడి ఏదో అడిగింది. ఊళ్ళో పండగ, నాలుగు రోజులు సెలవు కావాలని అంతకుముందే చెప్పింది. దాని గురించే మళ్ళీ. కమల ఫోను చెవి నుంచి తీయకుండా తల ఊపింది. మిగతా కొమ్ములన్నీ ముగించి ఆ సాయంత్రమే సోములమ్మ జీ.కె.వీధి బస్సు ఎక్కింది. శుక్రవారం గానీ రాదు. వాళ్ళ ఊళ్ళో ఫోను పలకదు.

మంగళవారం సంతలో, సరుకు సర్దే ఫల్గుణ ఒక కారు పక్కన నిలబడి ఉన్నాడు. కారులో మనిషికి కాగితంలో చుట్టినదేదో అందించాడు. కమల కూరగాయల దగ్గర నుంచి చూసింది. అప్పుడు ఏమీ అనుకోలేదు. షెడ్డు రెండో తాళంచెవి ఫల్గుణ దగ్గర ఉంటుంది.

కమల షెడ్డు వెనక్కి వెళ్ళి అన్న సూర్యనారాయణకు ఫోను చేసి సంగతి చెప్పింది. అతను హెడ్ కానిస్టేబులు. పన్నెండేళ్ళుగా ఘాటు దిగువన చెక్‌పోస్టులో పని.

"అరిచి గోల సెయ్యలేదు కదా?" అన్నాడు.

"లేదన్నయ్యా. ఇంకా ఎవరికీ చెప్పలేదు."

"సెప్పకు. సంచులు సూడు, కానీ దేనికోసం సూత్తన్నావో సెప్పకు. ఏటి పోయిందో తీసినోడికే కదా తెలుస్తాది. ఆడే నోరు జారతాడు. నువ్వు సెవులు తెరిసి కూకో, అంతే."

"అలా దొరుకుతారా?"

"మరి నేను పన్నెండేళ్ళుగా ఇక్కడేటి సేత్తన్నాననుకున్నావు?"

సాయంత్రం ఐదింటికి కమల గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. కుంచెలు కడిగి, చేతులు తుడుచుకుని ఆడవాళ్ళు సంచులు భుజాన వేసుకున్నారు.

"సంచులు ఒకసారి చూపించి వెళ్ళండి," అంది కమల.

ముందున్న నాగలక్ష్మి ఆగింది. ఆమె వెనక అందరూ ఆగారు.

"ఏటి పోయింది మేడమ్?"

"ఏమీ పోలేదు. రూలు."

"నిన్న లేదు కదా."

"ఇవాళ వచ్చింది."

నాగలక్ష్మి సంచి భుజం మీంచి తీసింది, కానీ వెంటనే తెరవలేదు. "గంజాయి కోసం కింద చెక్‌పోస్టులో ఇప్పుతాం. కేజీహెచ్‌కి రోగిని తీసుకెళ్ళినా ఇప్పుతాం, పెళ్ళికెళ్ళినా ఇప్పుతాం. ఈ ఒక్కసోట ఇప్పక్కర్లేదనుకున్నాం. సర్లెండి, సూడండి."

గిన్నె, చెంచా, గొడుగు, నోటుపుస్తకం. అడుగున గుడ్డలో చుట్టిన బూడిదరంగు కొమ్ము ఒకటి. కమల దాన్ని పైకి తీసింది.

"ఇదేంటి?"

"ఇరిగింది మేడమ్. సెత్తలోది. మా గుంటడు మెళ్ళో కట్టుకుంటానంటే."

"చెత్తలోదైనా అడిగి తీసుకోవాలి."

"మొన్న అడిగితే, సెత్త గురించి నన్నడగొద్దు అన్నారు."

వెనక ఎవరో నవ్వారు. కమల నవ్వలేదు. కొమ్మును తన దగ్గరే ఉంచుకుంది. మిగతా ఏడు సంచుల్లోనూ ఏమీ దొరకలేదు. ఫల్గుణకు సంచి లేదు. అతను లుంగీ అంచులు దులిపి, ఇంకా దులపమంటారా అన్నట్టు నిలబడ్డాడు. కమల అతని వంక చూడకుండా వెళ్ళమంది.

అందరూ వెళ్ళాక ఆమె షెడ్డంతా వెతికింది. బల్లల కింద, రంగుడబ్బాల వెనక, మరుగుదొడ్డిలో, కొత్త అట్టపెట్టెలు ఒక్కొక్కటీ తెరిచి. చివరికి నిచ్చెన తెచ్చి అటకకు ఆనించి నాలుగు మెట్లు ఎక్కింది. ఖాళీ థర్మాకోల్ పెట్టెలు, వాటి మధ్య బోర్లించిన వెదురుబుట్ట కనిపించాయి. ఐదో మెట్టు విరిగి ఉంది. దిగిపోయింది.

గురువారం ఆమె పని మాని, వినడానికి కూర్చుంది.

వినాలని కూర్చుంటే ప్రతి మాటా అనుమానంగానే వినిపించింది. ఇద్దరు తమ కొండభాషలో మాట్లాడుకున్నారు. రోజూ మాట్లాడుకునేవారే. ఇవాళ ఎందుకు తెలుగులో మాట్లాడుకోవడం లేదని కమల అనుకుంది. ఫల్గుణ రెండుసార్లు బయటికి వెళ్ళి వచ్చాడు. రెండోసారి నాగలక్ష్మితో ఏదో అన్నాడు. ఆమె మూతి తిప్పింది. నిన్నటిదాకా అందరూ లోపలే బల్ల చుట్టూ కూర్చుని టీ తాగేవారు. ఇవాళ గ్లాసులు పట్టుకుని చూరు కింద నిలబడ్డారు. భానుశ్రీ ఒక్కతే లోపలికి వచ్చింది.

భానుశ్రీకి ఇరవై ఏళ్ళు. ఇంటరు చదివింది. చేతిరాత బాగుంటుంది కాబట్టి పెట్టెల మీద అంటించే చీటీలు ఆమే రాస్తుంది. కమల షెడ్డు తెరిచినప్పుడు మొదట వచ్చింది ఈ పిల్లే. మిగతావాళ్ళను వెంటబెట్టుకొచ్చిందీ ఈ పిల్లే.

"మేడమ్, ఫల్గుణ మావయ్య అట్టపెట్టెలు మడతేత్తన్నాడు. ప్రస్తుతానికి యాభై తొమ్మిది సాలని సెప్పాను. బేగి అయిపోతాది."

కమల చేతిలో గ్లాసు ఆగింది.

యాభై తొమ్మిది. అరవై కాదు. ఆ లెక్క ఈ షెడ్డులో తనకు తప్ప ఎవరికీ తెలియకూడదు. ఎలా తెలుసని అడగబోయి, అన్న మాట గుర్తొచ్చి ఆగింది. నోరు జారినవాళ్ళను ఆపకూడదు.

"సరే," అంది.

భానుశ్రీ కాసేపు నిలబడింది. ఇంకేమైనా అడుగుతుందేమో అని చూసినట్టు నిలబడింది. తర్వాత వెళ్ళిపోయింది.

భోజనాలప్పుడు కమల చీటీల కాగితం బయటికి తీసింది. రెండు, మూడు, నాలుగు... అరవై. ప్రతి గడిలోనూ నంబరు, కింద బొమ్మ పేరు, తేదీ. మొదటి గడి ఖాళీగా ఉంది. కొట్టివేత లేదు, మరక లేదు. రాయలేదు, అంతే. కాగితం మీద మంగళవారం తేదీ ఉంది. అంటే తాను లెక్కపెట్టడానికి ముందురోజే, ఒకటో నంబరు పెట్టెలోకి వెళ్ళదని ఈ పిల్లకు తెలుసు.

ఫోటో తీసింది. యాభై తొమ్మిదంది. చీటీ రాయలేదు. కమల వీటిని ఒక వరసలో పెట్టి చూసుకుంది. ఎటు నుంచి చూసినా అతికాయి.

మూడు గంటలకు భానుశ్రీని షెడ్డు వెనక్కి పిలిచింది.

"రేపటి నుంచి నువ్వు రావద్దు."

భానుశ్రీ చేతిలో ఇంకా కుంచె ఉంది. "ఏటి సేసాను మేడమ్?"

"నీకు తెలుసు."

"నాకు తెలీదు."

"తెలియకపోతే ఇంటి దగ్గర కూర్చుని ఆలోచించు. గుర్తొస్తే నాకు ఫోను చెయ్యి. అప్పుడు చూద్దాం."

భానుశ్రీ ఆమె ముఖంలోకి చూసింది. ఎక్కువసేపు చూసింది. అబద్ధం ఆడేవాళ్ళు కళ్ళలోకి చూడరని అంటారు. ఆడటం నేర్చినవాళ్ళు చూస్తారని అన్న చెప్పాడు. కమల రెండో మాటను నమ్మింది. పిల్ల లోపలికి వెళ్ళి కుంచె కడిగి, డబ్బాలో పెట్టి, సంచి తెచ్చుకుంది. గుమ్మం దగ్గర సంచి తెరిచి పట్టుకుంది. కమల చూసింది. అన్నం గిన్నె, దువ్వెన. భానుశ్రీ రోడ్డెక్కి జీపుల స్టాండు వైపు నడిచింది.

మిగతా ఆడవాళ్ళు సాయంత్రం దాకా పని చేశారు. ఒక్క మాట మాట్లాడలేదు. కమలకు వినడానికి ఏమీ మిగలలేదు.

ఆ సాయంత్రం ఫోను రాలేదు. శుక్రవారం పొద్దున కూడా రాలేదు. వచ్చింది శ్రీకాంత్ ఫోను. వ్యాను రేపు ఏడింటికి బయల్దేరుతుందని చెప్పాడు. అన్నీ సిద్ధమేనా అన్నాడు. సిద్ధమే అంది కమల. అంటూనే, పోలీసు స్టేషనుకు వెళితే భానుశ్రీ ఇల్లు వెతుకుతారా, వెతికేసరికి ఎన్ని గంటలు పడుతుంది అని లెక్క వేసుకుంది. చెప్పులు వేసుకుని రోడ్డు మీదికి వచ్చింది.

జీపు ఒకటి షెడ్డు ముందు ఆగింది. సోములమ్మ దిగింది. చేతిలో అడ్డాకు పొట్లం ఉంది.

"ఎక్కడికమ్మా, ఎదురొచ్చి మరీ ఎల్తన్నారు? కొర్రబువ్వ తెచ్చాను. లోనికి రండి, తిందురుగాని." ఆమె ఆగలేదు. లోపలికి నడుస్తూనే కేకేసింది. "ఫల్గుణా, నిచ్చెనెయ్యి."

ఫల్గుణ నిచ్చెన తెచ్చాడు. సోములమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుని, విరిగిన మెట్టు దాటి అటక ఎక్కింది. థర్మాకోల్ పెట్టెలు పక్కకు జరిపిన చప్పుడు. బుట్ట ఎత్తింది. రెండు చేతులతో దాన్ని పట్టుకుని కిందికి అందించింది. ఫల్గుణ అందుకుని బల్ల మీద పెట్టాడు.

మూడు కొమ్ములూ ఉన్నాయి. ముక్కు కొమ్ముకు పసుపు బొట్టు ఉంది. కమల దగ్గరికి వెళ్ళి వెనక కుడికాలు ఎత్తి చూసింది. ఒకటి.

"ఇది అక్కడికి ఎలా వెళ్ళింది?"

సోములమ్మ నిచ్చెన దిగుతూ చూసింది. "ఎలా ఎల్తాది? నేనెట్టాను. మిమ్మల్ని అడిగే కదా పెట్టాను."

"నన్నా?"

"సోమారం. గుమ్మంలో మీరు ఫోను మాట్లాడతన్నారు. కొత్త పండగ అయ్యేదాకా మొదటిది పైన పెడతానమ్మా, శుక్రారం దించేత్తాను అన్నాను. తలూపారు." ఆమె పొట్లం బల్ల మీద పెట్టి విప్పింది. "కొర్ర కోసినా, కొత్త పండగ అవకుండా మేం నోట్లో ఎట్టం. మామిడికాయైనా అంతే. మొదటిది పెద్దలకి. ఆ తర్వాతే మనకైనా, సంతకైనా. ఇదీ మన సేతిపంటే అనుకున్నాం. ఈళ్ళు నవ్వారు, బొమ్మకి కొత్త ఏటని. నవ్వితే నవ్వారు గానీ అందరూ వచ్చి నిలబడ్డారు."

"ఆ ముక్కే ఇన్నాం మేడమ్, అందరం," అంది నాగలక్ష్మి. "మీరు తలూపడమూ సూసాం."

కమలకు ఆ సోమవారం మళ్ళీ కనిపించింది. వాన, చెవిలో శ్రీకాంత్ గొంతు, ఎదురుగా సోములమ్మ పెదవులు. తన తల ఊగడం.

"గుంటేదీ, భానుశ్రీ?" అంది సోములమ్మ, బల్లల వైపు చూసి. "మొదటి సీటీ నేనొచ్చాక రాయమన్నాను. దించకుండా రాయకూడదని."

నాగలక్ష్మి కుంచె కింద పెట్టింది.

"బుధారం మా సంచుల్లో ఏటి ఎతికారు మేడమ్?"

కమల చెయ్యి ఇంకా బొమ్మ మీదే ఉంది.

"దీన్నేనా?"

ఫల్గుణ ఫక్కున నవ్వాడు. "అయ్యో, నన్నడిగితే నిచ్చెనేసేవోడిని కదా. సంతలో కారాయనకి మిరియాలమ్ముతుంటే నా వంక అలా సూసారేటా అనుకున్నాను." అని, చుట్టూ చూసి నవ్వు ఆపేశాడు. ఇంకెవరూ నవ్వలేదు.

భానుశ్రీ వాళ్ళ ఊరికి జీపు గెడ్డ దాకానే వెళ్ళింది. అక్కడి నుంచి కమల చెప్పులు చేత్తో పట్టుకుని, నీళ్ళలో దిగి గెడ్డ దాటి నడిచింది. సోములమ్మ వస్తానంటే వద్దంది. దారిలో కలిసిన ఇద్దరు ఎవరి ఇంటికని అడిగారు. చెబితే, ఓహో ఆ పిల్లా అన్నారు. ఆ మాటలో ఏముందో కమలకు తెలిసింది. రెండు రోజులుగా తన మనసులో ఉన్నది అదే.

భానుశ్రీ తల్లి యర్రమ్మ అరుగు మీద కూర్చుని వెదురుపుల్లలతో అడ్డాకుల విస్తళ్ళు కుడుతోంది. లేవలేదు. కూర్చోమనలేదు. భానుశ్రీ గుమ్మంలో నిలబడింది.

"మా గుంట ఏదో తీసిందని అందరూ అడుగుతున్నారు," అంది యర్రమ్మ, విస్తరి మీంచి కళ్ళు తీయకుండా. "ఏటి తీసిందంటే నేనేటి సెప్పను? దానికే తెలీదు. డబ్బంటే డబ్బనీ, బంగారమంటే బంగారమనీ సెప్పుకుందుం. ఏటో తెలీదంటే ఎవులికి ఏది తోస్తే అది అనుకుంటన్నారు."

"ఏమీ తీయలేదమ్మా. ఏమీ పోలేదు కూడా. నేను పొరపాటు పడ్డాను."

"ఏటి పోయిందనుకున్నారు మేడమ్?" భానుశ్రీ అడిగింది.

"ఒకటో నంబరు."

"అది అటక మీదుంది కదా."

"నాకు తెలియదు."

"నన్నడిగితే సెప్పేదాన్ని."

"అవును."

"మరి అడగలేదేం?"

కమల దగ్గర దానికి జవాబు ఉంది. అన్న చెప్పిన మాట. ఇక్కడ, ఈ అరుగు ముందు నిలబడి, ఆ మాట చెప్పుకోలేకపోయింది.

"రేపు వ్యాను వెళ్ళాలి. మొదటి చీటీ నువ్వే రాయాలి. రా."

భానుశ్రీ తల్లి వైపు చూసింది. యర్రమ్మ కుట్టిన విస్తరి దొంతర మీద పెట్టింది.

"మీరు సెప్పింది బానే ఉంది. మాకు ఇనిపించింది. కానీ మాట పుట్టింది ఇక్కడ కాదు, బోరింగు దగ్గర. అక్కడికెళ్ళి సెప్పండి."

బోరింగు దగ్గర ఐదారుగురు బిందెలతో ఉన్నారు. కమల వాళ్ళ ముందు నిలబడి, భానుశ్రీ ఏమీ తీయలేదని, వస్తువు షెడ్డులోనే ఉందని, తప్పు తనదని చెప్పింది. బోరింగు కొడుతున్నామె చెయ్యి ఆపి వింది.

"షెడ్డులోనే ఉంటే ముందే సూసుకోవాల కదా," అంది. మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది.

భానుశ్రీ సంచి భుజాన వేసుకుని కమల వెనక గెడ్డ దాకా వచ్చింది. దాటేటప్పుడు చెయ్యి అందివ్వలేదు, అడగలేదు.

ఆ మధ్యాహ్నం అరవై బొమ్మలనూ దిమ్మలకు అతికించారు. భానుశ్రీ ఖాళీ గడిలో ఒకటి వేసి, కింద పేరు, తేదీ రాసింది. ముక్కు కొమ్ము మీది పసుపును సోములమ్మే తడిగుడ్డతో తుడిచింది. పెట్టె మూసేటప్పుడు, మెడ ఎముక వెనక మడతలో కొర్రగింజ ఒకటి ఇరుక్కుని ఉండటం కమలకు కనిపించింది. పటకారుతో తీసేయవచ్చు. మూత పెట్టి టేపు వేసింది.

శనివారం ఏడింటికి వ్యాను వెళ్ళింది. సూర్యనారాయణ ఫోను చేశాడు.

"దొరికాడా?"

"దొరికింది."

"సెప్పానా. ఎవులు?"

వ్యాను మలుపు తిరిగేదాకా చూసి, కమల తర్వాత మాట్లాడతానని ఫోను పెట్టేసింది.

తర్వాతి వారం శ్రీకాంత్ ఒంటికొమ్ము నమూనా నాలుగు వందలూ ఖాయమని చెప్పాడు. చెన్నై ఆయన ఫోటో పంపాడట, గాజు బీరువాలో ఒకటో నంబరు. కొమ్ముల రంగు బాగుందన్నాడట. కమల ఆ మాట షెడ్డులో అందరికీ చెప్పింది. సోములమ్మ ఒక్కతే, బాగుండక ఏటి అంది.

ఆ సాయంత్రం ఐదింటికి నాగలక్ష్మి గుమ్మం దగ్గర ఆగి సంచి తెరిచింది. ఆమె వెనక మిగతావాళ్ళు వరసగా నిలబడి తమవీ తెరిచారు. వారం రోజులుగా ఇదే జరుగుతోంది.

"అక్కర్లేదని చెప్పాను కదా," అంది కమల. "ఆ రూలు తీసేశాను."

"తెలుసు మేడమ్. సూడండి."

"వద్దు నాగలక్ష్మీ."

"రేపెప్పుడైనా ఏదైనా పోతే? సూసేసామని మీకు ఉంటాది, సూపించేసామని మాకు ఉంటాది."

నాగలక్ష్మి కదలలేదు. బస్సు వేళవుతోంది. కమల చూసింది, ఆమె వెళ్ళింది. ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. సోములమ్మ తన సంచిని తలకిందులు చేసి దులిపి మరీ చూపించింది. ఫల్గుణ లుంగీ అంచు దులిపాడు.

చివర భానుశ్రీ వచ్చింది. సంచి రెండు చేతులతో తెరిచి పట్టుకుంది. అన్నం గిన్నె, దువ్వెన, గుడ్డలో చుట్టిన కుంచె. అడుగున కాగితం కింద ఏదో ఎత్తుగా ఉంది. కమల కళ్ళు అక్కడ ఆగాయి.

భానుశ్రీ కాగితం పక్కకు తీసింది. కింద జామకాయ ఉంది.

"ఎల్లొత్తాను మేడమ్," అని సంచి ముడివేసుకుని, జీపుల స్టాండు వైపు నడిచింది.